రొయ్యకు మూడు నిమిషాలు, గింజకు పావుగంట

చలికాలం వచ్చిందంటే కోస్తా ఇళ్లలో పచ్చిరొయ్యలూ చిక్కుడు గింజలూ కలిపి వండటం మామూలే. ఉద్యోగం నుంచి ఇంటికి చేరి, ఒక పొయ్యి మీద అన్నం పడేసి, రెండో పొయ్యి మీద కూర దించేద్దామనుకునేవాళ్లకు ఇది సరిగ్గా సరిపోయే వంట. అయినా దీని మీద ఫిర్యాదులు తక్కువేం కాదు. రొయ్య రబ్బరులా సాగిందంటారు. గింజ పలుకుగానే మిగిలిపోయిందంటారు. రెండూ ఒకే మూకుట్లో, ఒకే పూట జరగడమూ కద్దు. నింద మసాలా మీదకో, రొయ్యలమ్మిన మనిషి మీదకో పోతుంది గానీ, కిటుకంతా ఏది ముందు వేశాం, ఏది తర్వాత వేశాం అన్న దాంట్లోనే ఉంది.

రొయ్య ముదిరిపోతున్నా గింజ ఎందుకు ఉడకదు?

మాంసాలన్నీ ఒక్క తీరున ఉడకవు. మేక తొడ కండలో కొలాజెన్ అనే గట్టి పీచు ఉంటుంది. అది కరిగి జిగురుగా మారాలంటే గంటో గంటన్నరో సెగ తగలాలి. అందుకే మటన్ ఎంత ఉడికితే అంత మెత్తన. రొయ్యలో అలా కరగాల్సిన పీచు చాలా తక్కువ. పచ్చిగా ఉన్నప్పుడే అది మెత్తగా ఉంటుంది. దాదాపు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని ప్రొటీన్లు బిగుసుకోవడం మొదలుపెడతాయి. 60 దాటేసరికి కండ తెల్లబడి, కొరికితే పుటుక్కున తెగే స్థితికి వస్తుంది. అక్కడితో పొయ్యి పని అయిపోయినట్టే. ఆ తర్వాత కూడా సెగ మీద ఉంచితే ఆ ప్రొటీన్లు ఇంకా ఇంకా ముడుచుకుంటూ లోపలి నీటిని బయటకు పిండేస్తాయి. మటన్‌ను మెత్తబడటానికి ఉడికిస్తాం, రొయ్యను గట్టిపడటానికి ఉడికిస్తాం. ఈ తేడా మనసులో ఉంటే సగం వంట వచ్చినట్టే.

గింజ సంగతి దీనికి పూర్తిగా ఎదురు. లోపలి పిండిపదార్థం నీరు పీల్చుకుని ఉబ్బాలి. కణాల్ని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే పెక్టిన్ కరగాలి. నీళ్లు తెర్లుతుంటే గానీ ఈ రెండు పనులూ సవ్యంగా సాగవు, పైగా వ్యవధి కావాలి. ఒలిచిన పచ్చి చిక్కుడు గింజకు 12 నుంచి 15 నిమిషాలు. బాగా ముదిరినదైతే ఇంకో ఐదు. మధ్యరకం రొయ్యకు మూడు నిమిషాలు చాలు. రెండింటినీ కలిపి ఒకేసారి వేసి మూత పెట్టేస్తే మధ్యేమార్గం అంటూ ఏదీ ఉండదు. కాబట్టి గింజ పూర్తిగా ఉడికి, పులుపు పడి, ఉప్పు కారం సరిచూసుకున్నాకే రొయ్య మూకుట్లోకి రావాలి.

మరి అంత చివర్లో వేస్తే గింజలకు రొయ్య రుచి ఎలా పడుతుంది?

కండ ఒక్కటే వాడితే పట్టదు. రుచిలో పెద్ద వాటా మనం పారేసే తలల్లోనూ పెంకుల్లోనూ ఉంది. అరకిలో రొయ్యలు ఒలిస్తే చేతికొచ్చే కండ పావుకిలో పైచిలుకు, మిగతాదంతా చెత్తబుట్టలోకే. ఆ తలల్నీ పెంకుల్నీ కడిగి, నీళ్లు ఓడ్చి, రెండు చెంచాల నూనెలో పెద్ద మంట మీద వేయించండి. మొదట చిటపటమంటాయి, తడి ఆరాక చప్పుడు సన్నబడుతుంది. అప్పుడు గరిటె వెనకవైపుతో తలల్ని ఒక్కొక్కటే నొక్కాలి. నొక్కినప్పుడల్లా లోపలి గుజ్జు బయటికొచ్చి, దాని చుట్టూ నూనె నారింజ రంగు తిరుగుతుంది. నాలుగు నిమిషాల్లో పెంకులు పెళుసుబారి నూనెంతా ఎర్రగా మారుతుంది.

ఆ ఎరుపు అస్టాజాంథిన్ అనే రంగు పదార్థం. అది కరిగేది నూనెలోనే, నీళ్లలో కాదు. వేయించకుండా నేరుగా నీళ్లు పోసి మరిగిస్తే రంగు అంతగా దిగకపోవడానికి కారణం ఇదే. వాసన సంగతీ అంతే. నీళ్లు ఎంత మరిగినా వేడి 100 డిగ్రీలు దాటదు. వేగిన పెంకుల కమ్మదనం రావాలంటే అంతకు మించిన సెగ కావాలి, అది నూనెలోనే దొరుకుతుంది. ఇప్పుడు రెండు గ్లాసుల నీళ్లు పోసి ఎనిమిది, పది నిమిషాలు మరగనిచ్చి వడకట్టండి. అరగంట మరిగించినా అదనంగా ఒరిగేదేమీ లేదు. ఈ నీళ్లలోనే గింజలు ఉడుకుతాయి కాబట్టి, రొయ్య రాకముందే రొయ్య రుచి లోపలికి దిగుతుంది.

రొయ్య తలల్ని విడిగా వేపుడు చేసుకునే ఇళ్లవాళ్లకు ఇదంతా కొత్త కాదు. మార్కెట్లోనే ఒలిపించుకుని ఉత్త కండతో ఇంటికి వచ్చేవాళ్లే దీన్ని పోగొట్టుకుంటున్నారు. ఒలిచేవాళ్లను అడిగితే తలలూ పెంకులూ వేరే కవర్లో వేసి ఇస్తారు. తాజావైతేనే తెచ్చుకోండి. తలలో జీర్ణరసాలు తయారయ్యే గ్రంథి ఉంటుంది. రొయ్య చచ్చిపోయాక ఆ రసాలు పక్కనున్న కండనే అరగదీయడం మొదలుపెడతాయి. తలలతో సహా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచిన రొయ్య తల వైపు పిండిపిండిగా అయ్యేది అందువల్లే. స్కాంపి అని పిలిచే మంచినీటి రొయ్యలో ఈ బెడద మరీ ఎక్కువ.

నీళ్లు ఇగిరే దాకా రొయ్యల్ని వేయించమని పెద్దవాళ్లు చెబుతారు కదా?

చెబుతారు, వాళ్ల లెక్క వాళ్లకుంది. పసుపు, ఉప్పు వేసి మూకుట్లో పెడితే రొయ్యలు గ్లాసుడు నీరు వదులుతాయి. ఆ నీరంతా ఇగిరిపోయే దాకా ఉంచడం మంచుగడ్డలూ ఫ్రిజ్‌లూ లేని రోజుల పద్ధతి. రేవు నుంచి ఊళ్లోకి వచ్చేసరికే సగం పూట గడిచిపోయేది. నీరు ఇగిరితే నీచు వాసన తగ్గుతుంది, రాత్రి దాకా పాడవకుండా నిలుస్తుంది. పచ్చడికీ బాగా ముదరవేయించిన వేపుడుకీ ఇప్పటికీ అదే దారి. తడి మిగిలిన రొయ్యతో పచ్చడి పెడితే నాలుగు రోజులు కూడా ఆగదు.

కానీ రాత్రి భోజనానికి వండుకుని అప్పుడే తినేసే కూరలో ఆ పని ఎందుకో నాకు బోధపడదు. ఆ నీరు ఎక్కడి నుంచో వచ్చింది కాదు, రొయ్య కండలోదే. దాన్ని ఆవిరి చేయడానికి పది నిమిషాలు పడితే, ఆ పది నిమిషాలూ రొయ్య సెగ మీదే ఉంటుంది. వేలంత రొయ్య గోరంత అయి కూర్చుంటుంది. చిక్కుడు గింజల కూరలో ఈ నీటిని ఇగరబెట్టక్కర్లేదు, వాడుకోవచ్చు. గింజల కూరను రొయ్యలు వేసే ముందు మీకు కావలసిన దానికన్నా కాస్త చిక్కగా ఉంచండి. రొయ్యలు పడ్డాక ఒక నిమిషానికి అది పలచబడటం కళ్లకు కనిపిస్తుంది. ఆ తర్వాత గింజల పిండిపదార్థం ఆ నీటిని పట్టుకుని మళ్లీ చిక్కబరుస్తుంది. రెండు గింజల్ని గరిటెతో మూకుడు గోడకేసి చిదిమితే ఈ పని త్వరగా అవుతుంది.

నీరు మరీ వరదలా వస్తోందంటే తప్పు వంటది కాకపోవచ్చు. గడ్డకట్టించిన ప్యాకెట్ రొయ్యల్లో కొన్నింటికి నీరు పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్ లవణాలు కలుపుతారు. అవి తూకంలో బరువుగా, చూపుకు గాజులా మెరుస్తూ ఉంటాయి. మూకుట్లో పడగానే ఆ నీరంతా వదిలేస్తాయి. ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివి కొనడమొక్కటే దీనికి విరుగుడు.

ఎర్రబడితే ఉడికినట్టేనా?

కాదు. పచ్చిరొయ్యలో కూడా ఆ ఎర్ర రంగు ఉంటుంది, కాకపోతే ఒక ప్రొటీన్‌తో ముడిపడి నీలం బూడిద రంగుల్లో కనిపిస్తుంది. వేడి తగలగానే ఆ ప్రొటీన్ విడిపోయి ఎరుపు బయటపడుతుంది. ఇది పైపొరలో జరిగే పని కాబట్టి నిమిషం లోపే రొయ్య ఎర్రబడుతుంది, లోపలింకా పచ్చిగానే ఉండొచ్చు. చూడాల్సింది వీపు మీద పేగు తీయడానికి పెట్టిన గాటు. గాటు విచ్చుకుని, దాని అడుగున గాజులాంటి కండ పోయి తెల్లగా కనిపిస్తే దించెయ్యొచ్చు. వంపును బట్టీ చెప్పొచ్చు: తలా తోకా మధ్య ఎడం ఉన్న కొడవలి వంపు దగ్గర ఆపాలి, తోక వచ్చి తలవైపు అంటుకుని సున్నా చుట్టిందంటే ఆలస్యమైనట్టు. ఆహార భద్రత లెక్కలో మధ్యభాగం 63 డిగ్రీలు అందుకోవాలి; తెర్లే కూరలో మధ్యరకం రొయ్యకు అది మూడు నిమిషాల లోపు పని. పొయ్యి కట్టేశాక కూడా కూర వేడికి ఇంకాస్త ఉడుకుతుందన్నది మరిచిపోకూడదు.

ఆ పేగు తీయడం తప్పనిసరా అంటే, ఉడికాక ప్రమాదమేమీ లేదు, కానీ పెద్ద రొయ్యల్లో ఇసుక పంటికి తగులుతుంది. చిరురొయ్యలకు ఆ శ్రమ అక్కర్లేదు.

గింజ ఎంతకీ మెత్తబడదెందుకు?

మూడు కారణాలున్నాయి. మొదటిది నీళ్లు. బోరు నీళ్లలో పప్పు ఉడకదని మన ఊళ్లలో అందరికీ తెలుసు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గింజ పెక్టిన్‌ను ఇంకా గట్టిగా బిగిస్తాయి. వంటకు తాగేనీళ్లు వాడితే తేడా ఆ పూటే తెలుస్తుంది.

రెండోది పులుపు. చింతపండు, టమాటా, మామిడికాయ, ఏదైనా సరే, పులుపున్న నీళ్లలో పెక్టిన్ కరగదు. గింజ సగం ఉడికాక పులుసు పోశారంటే అది ఆ సగం దగ్గరే ఆగిపోతుంది, ఆ తర్వాత అరగంట మంట పెట్టినా గ్యాసు దండగ. అందుకే గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి, వెన్నలా చితికాకే పులుపు వేయాలి. ఉప్పు విషయంలో మాత్రం చాలామంది ఉల్టాగా భయపడతారు. ఉప్పు గింజను గట్టిపరచదు. ఉప్పులోని సోడియం తొక్కలోని కాల్షియంను తప్పించి ఆ చోట కూర్చుంటుంది, దాంతో తొక్క త్వరగానే మెత్తబడుతుంది. వంటసోడా కూడా మెత్తబరుస్తుంది గానీ చిటికె దాటితే సబ్బు రుచి, పైగా బి1 విటమిన్ నష్టం.

మూడోది గింజ వయసు. ఈ కూరకు గింజ నిండుగా కట్టిన కాయలు కావాలి. మాఘమాసంలో రథసప్తమికి పిల్లలు పుల్లలు గుచ్చి రథాలు చేసే వేళకు పాదు మీద అలాంటివి దండిగా ఉంటాయి. చిత్తూరు వైపు ఇదే జాతి అనపగింజల్ని రాత్రి నానబోసి, పొద్దున ఒక్కొక్కటే వేళ్ల మధ్య నొక్కి తొక్క తీసేసి పితికిపప్పు చేస్తారు. ఓపిక కావాలి. కానీ అడ్డుపడే తొక్క లేదు కాబట్టి ఉడకడం మాత్రం చాలా తొందర. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో సూర్తి పాప్డి లిల్వా అని దొరికేది దాదాపు మన చిక్కుడు గింజే.

ఎండు గింజలో, రాజ్మానో వాడొచ్చా?

వాడొచ్చు, కానీ అప్పుడది అప్పటికప్పుడు చేసే వంట కాదు. రాత్రే నానబెట్టాలి. నానిన నీళ్లు పారబోయాలి. కడుపుబ్బరం తెచ్చే చక్కెరలు కొన్ని అందులోనే పోతాయి. పచ్చి గింజల్లో ఆ చక్కెరలు తక్కువ, అవి గింజ ముదిరి ఎండే దశలో చేరతాయి. ఎండు చిక్కుడు గింజలైతే ఉడికిన మొదటి నీళ్లు కూడా వంచేసి కొత్త నీళ్లు పోయాలి. రాజ్మా విషయంలో మరో జాగ్రత్త ఉంది. అందులో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది; అరకొరగా ఉడికిన నాలుగైదు గింజలకే వాంతులు పట్టుకోవచ్చు. నీళ్లు బాగా తెర్లుతూ కనీసం పది నిమిషాలు ఉడికితే అది పోతుంది. ప్రెషర్ కుక్కర్‌లో పెట్టేవాళ్లకు చింత లేదు. సన్నసెగ మీద గంటలకొద్దీ మగ్గించే స్లో కుక్కర్‌తోనే భయం, అందులో వేడి ఆ స్థాయికి చేరకపోవచ్చు. డబ్బాలో ఉడికించి అమ్మే రాజ్మాకు ఈ బాధ లేదు, కడిగి నేరుగా కలుపుకోవచ్చు.

సరే, మొత్తం వరస ఎలా?

నలుగురికి అరకిలో రొయ్యలు, పెద్ద కప్పు నిండా ఒలిచిన గింజలు. ఒలిచిన రొయ్యల్ని కడిగి, గుడ్డతో తడి అద్ది, చిటికెడు పసుపు, అర చెంచా ఉప్పు, కాస్త కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. అల్లం వెల్లుల్లి ముద్ద దానికి పట్టించకండి. పచ్చి అల్లంలో ప్రొటీన్లను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంది, అరగంట నానితే రొయ్య పైపొర జావగారిపోతుంది. నిమ్మరసం వద్దనేది కూడా ఇలాంటి కారణానికే: పొయ్యి ఎక్కకముందే పై కండను అది గట్టిపరుస్తుంది.

ఒక పొయ్యి మీద పెంకుల నీళ్లు మరుగుతుంటే, రెండో దాని మీద మూడు చెంచాల నూనెలో రెండు ఉల్లిపాయల తరుగు, మూడు పచ్చిమిరపకాయలు, కరివేపాకు వేయించాలి. ఉల్లి అంచులు ఎర్రబడ్డాక చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద. దాని పచ్చివాసన పోయాక మంట తగ్గించి, పసుపు, చెంచాన్నర కారం, చెంచా ధనియాల పొడి. కారం రంగూ, మసాలా దినుసుల వాసనలూ నూనెలోనే బాగా కరుగుతాయి కాబట్టి ఇక్కడే వేయాలి; కానీ పొడులు మాడటానికి అర నిమిషం చాలు, చేతిలో నీళ్ల గ్లాసు ఉంచుకుని ఒక గుక్కెడు చిలకరించండి. తర్వాత గింజలు, ఉప్పు, వడకట్టిన రొయ్య నీళ్లు. మూత పెట్టి పావుగంట. గింజ చితికాక ఉసిరికాయంత చింతపండు పిండిన చిక్కటి రసం పోసి రెండు నిమిషాలు తెర్లనివ్వండి. రుచి ఇప్పుడే చూడాలి, ఎందుకంటే ఇక ముందు సరిదిద్దుకునే సమయం లేదు.

రొయ్యల్ని ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మంట పెంచి, మూత లేకుండా మూడు నిమిషాలు. మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. లవంగం, చెక్క, గసాలు నూరిన పొడి అర చెంచా, కొత్తిమీర చల్లి పొయ్యి కట్టేసి, మూత పెట్టి రెండు నిమిషాలు వదిలేయండి.

నీచు వాసన ఎలా పోతుంది?

పసుపు మీద మనవాళ్లకున్నంత నమ్మకం నాకు లేదు. సముద్రపు జీవాల కండలో ఉండే ఒక పదార్థం, అవి చచ్చాక, ట్రైమిథైలమైన్‌గా మారుతుంది. ముక్కుకు తగిలేది అదే. ఎక్కువగా పైనే ఉంటుంది కాబట్టి చల్లటి నీళ్లలో కడిగితే చాలావరకు పోతుంది. మిగిలినదాన్ని చింతపండు పులుపు ఆవిరి కాని లవణంగా మార్చేస్తుంది. కానీ అమ్మోనియా ఘాటు ముక్కుకు కొట్టే రొయ్యను ఏ మసాలా కాపాడలేదు. పెంకు మీద నల్ల మచ్చలు కనిపిస్తే పాడైందని కాదు, పట్టి చాలాసేపు అయిందని గుర్తు. అలాంటివి ధర తగ్గించి ఇచ్చినా పెంకుల నీళ్లకు పనికిరావు.

ఏ రొయ్య మంచిది?

నెల్లూరు, భీమవరం చెరువుల నుంచి వచ్చేది ఇప్పుడు చాలావరకు వనామీ. పసిఫిక్ తీరం నుంచి వచ్చిన ఈ రకాన్ని పెంచడానికి 2009లో అనుమతి దొరికింది. అంతకు ముందు రాజ్యమేలిన టైగర్ రొయ్యను 90లలో తెల్లమచ్చ వ్యాధి దెబ్బతీసింది. వనామీ రుచి చప్పన, కండ లేత. అందుకే దానికి పెంకుల నీళ్లు మరింత అవసరం, సమయం మరింత తక్కువ. కొనేటప్పుడు కౌంటు అడగండి. 40 కౌంటంటే కిలోకు నలభై. ఈ కూరకు 40 నుంచి 60 మధ్యవి సరిపోతాయి, మరీ చిన్నవైతే రెండు నిమిషాలకే దించాలి. సముద్రపు రొయ్య దొరికితే అదృష్టమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం కాబట్టి ఆ రెండు నెలలు దాని మీద ఆశ పెట్టుకోకండి.

పచ్చిరొయ్యలే దొరకనప్పుడు ఎండురొయ్యలున్నాయి. ఇక్కడ వరస తిరగబడుతుంది. ఎండురొయ్య కండ ముందే బిగుసుకుపోయింది, ఇక కొత్తగా ముదిరేదేమీ లేదు. అది నీరు పీల్చుకుని మెత్తబడాలి, తన సారం కూరకు ఇవ్వాలి. కాబట్టి పొడి మూకుట్లో దోరగా వేయించి, తలా తోకా గిల్లి, వేడినీళ్లలో రెండుసార్లు కడిగి, గింజలతో పాటే మొదట్లోనే వేసేయాలి. పెంకుల నీళ్లతో పనే లేదు. ఉప్పు మాత్రం సగానికి తగ్గించాలి.

మర్నాటికి దాచొచ్చా?

చేపల పులుసు మర్నాడు ఇంకా బాగుంటుంది, ఎందుకంటే దాన్ని చాలామంది పెద్దగా వేడి చేయకుండానే తింటారు, పులుపు ఉప్పు ముక్కలోకి నిదానంగా ఇంకుతాయి. రొయ్యల కూరను పొగలు వచ్చేలా వేడి చేయడమంటే రొయ్యను రెండోసారి వండటమే. రెండు పూటలకు కావాలనుకుంటే, రొయ్యలు వేయకముందే గింజల కూరలో సగం తీసి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేయండి. రొయ్యల్లోనూ సగం, ఒలిచి, ఉప్పు తగలకుండా డబ్బాలో వేసి బాగా చల్లగా ఉండే అరలో దాచండి. మర్నాడు రాత్రి గింజల కూరను తెర్లించి ఆ రొయ్యలు వేస్తే, బియ్యం కడిగి పెట్టినంత సేపు కూడా పట్టదు.